కొత్తలంక మందుపట్టీలు

సోమవారం. మంచు దట్టం.

పట్టీలు మళ్ళీ ఊడిపోయాయి. పొద్దున్న మంచువలల దగ్గర పనికి దిగినవాళ్ళ మణికట్ల మీద ఒక్కటీ మిగల్లేదు. వలల కింద నీళ్ళతొట్టెల్లో తేలుతుంటే వలలు కట్టే సత్తిరాజు గంపలో ఏరుకొచ్చి నా బల్ల మీద కుమ్మరించాడు.

"చేపపొలుసుల్లా తేలతన్నాయండి. తాగే నీళ్ళు కదండీ, మందు కలిసిపోద్దేమోనని బయమేసింది" అన్నాడు.

కలవదని చెప్పి పంపించాను. ఒంట్లోకే దిగని మందు నీళ్ళలోకి మాత్రం ఏం దిగుతుంది?

కొత్తలంకలో ఏదీ ఆరదు. గోడలు ఆరవు, బట్టలు ఆరవు, అగ్గిపెట్టెలు ఆరవు. పేరులో లంక ఉంది గాని ఇది కొండ మీది ఊరు. గోదావరి లంకలన్నీ సముద్రంలో కలిసిపోయిన ఏడాది పడవల్లోనూ కాలినడకనా పైకెక్కి వచ్చినవాళ్ళు, పోయినదాని పేరే ఇక్కడా పెట్టుకున్నారు. చుట్టూ నీళ్ళ బదులు మబ్బు ఉంటుంది. ఆ మబ్బును వలల్లో పట్టి, పిండి, తాగుతాం. వలలు రోజూ విప్పాలి, దులపాలి, మళ్ళీ ముడులు వెయ్యాలి. దానికి వేళ్ళు కావాలి.

ఊళ్ళో సగం మందికి వేళ్ళు ముడుచుకుపోయాయి. అందరూ కీళ్ళవాతం అంటారు. వయసుతో వచ్చే అరుగుదల కాదిది. ఒంటికి కాపలా కాయవలసిన కణాలు సొంత కీళ్ళనే పరాయివనుకుని కొరికే జబ్బు. ముంపు ఏళ్ళలో తాగిన నీళ్ళ వల్లేనని పెద్దవాళ్ళ నమ్మకం. డాక్టర్ ఇమ్మానుయేలుగారిని అడిగితే భుజాలెగరేస్తారు. మాత్రలు కడుపు మండిస్తున్నాయి. ఇంజెక్షన్లు చల్లగా దాచడానికి ఇక్కడ కరెంటు నిలవదు. కాబట్టి చర్మం మీంచే మందు ఎక్కించాలి. ఆ పని నాది. నా పేరు వల్లి. ఊళ్ళో పట్టీల వల్లి అంటారు. నా వేళ్ళ కణుపులు కూడా వాచే ఉంటాయి. పొద్దున్న లేచాక కాసేపు చేతులు వేడినీళ్ళలో ముంచితే గాని పెన్ను పట్టుకోలేను.


గురువారం. గాలి ఉంది, కొంచెం నయం.

జిగురు గురించి ఆలోచించడం మానేశాను. ఈ తడిలో ఏ జిగురూ నిలవదు. పట్టీ అడుగున కంటికి ఆనని సూదిమొనలు వరసలుగా పోస్తే ఎలా ఉంటుందా అని చూస్తున్నాను. చర్మంలోకి గుచ్చుకోగానే మొన కరిగిపోవాలి, మొదలు తడికి ఉబ్బి లోపల పట్టుకోవాలి. అప్పుడు పైనున్న మందు పొర నెమ్మదిగా ఆ దారుల్లోంచి దిగుతుంది. తడి ఎంత ఉంటే అంత గట్టిగా పట్టుకుంటుంది. ఈ ఊరి తడి ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చేలా ఉంది.

అచ్చు చెయ్యడమే కష్టం. పొట్టి మొన చర్మం పైపొరలోనే ఆగిపోతోంది, మందు సరిగ్గా దిగడం లేదు. ఇంకొంచెం పొడుగు చేసి చూడాలి.


మంగళవారం. చినుకులు.

పొడుగు మొనల అచ్చు కుదిరింది. మొదటి పట్టీ వరహాలమ్మగారికి వేశాను.

ఆవిడ మా వీధి చివర ఒంటరిగా ఉంటుంది. అరవై దాటాయి. కుడిచేతి వేళ్ళు పక్షి గోళ్ళలా వంకరపోయాయి. అన్నం ఎడంచేత్తో తినవలసి వస్తోందని నలుగురిలో భోజనానికి రావడం మానేసింది. మణికట్టు మీద పట్టీ పెట్టి బొటనవేలితో నొక్కాను.

"జిల్లుమందండి" అంది. "చీమల పుట్ట మీద చెయ్యెట్టినట్టుంది."

"నొప్పిగా ఉందా?"

"నొప్పంటే నాకు తెల్దా అమ్మా? ఇది నొప్పేటి, చక్కిలిగింత."


ఆదివారం. కాస్త ఎండ.

వరహాలమ్మగారు మా ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి, కుడిచెయ్యి చాచింది. వేళ్ళు చాచింది. అన్నీ. తిన్నగా. తరవాత ఆవకాయ జాడీ మూత తానే తీసి, కలిపి, నాకో ముద్ద పెట్టింది. కుడిచేత్తో. నేను నములుతూ ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, నన్ను చూసి నవ్వింది.

సాయంత్రానికల్లా నా గది ముందు వరస కట్టారు. నీటి సంఘంవాళ్ళు కూడా వచ్చి ఎన్ని వీలైతే అన్ని చెయ్యమన్నారు. వలలు కట్టే చేతులు దొరికితే ఈ వేసవికి నీళ్ళ రేషన్ ఎత్తేస్తారట. సత్తిరాజు అందరికంటే ముందు నిలబడ్డాడు.

నేనింకా వేసుకోలేదు. ఒకరి చెయ్యి అయినా పట్టీ లేకుండా ఉంటేనే కదా తేడా తెలిసేది అని డాక్టరుగారితో అన్నాను. ఆయన మెచ్చుకోలుగా తల ఊపారు.


బుధవారం. మంచు.

వరహాలమ్మగారి జడ చూసి ఆశ్చర్యపోయాను. ఉన్న నాలుగు తెల్లవెంట్రుకలనూ నుదురు లాగుకుపోయేంత బిగించి, చిన్నపిల్లలకు వేసినట్టు అల్లి ఉంది. కళ్ళ కొసలు పైకి లాక్కుపోయాయి.

"ఎవరు వేశారండీ అంత బిగించి?"

"మా దాలక్క."

దాలమ్మ ఆవిడ అక్క. ముంపు తరవాత శిబిరంలో జ్వరమొచ్చి పోయిందని ఆవిడే నాకు చాలాసార్లు చెప్పింది. నేను ఆవిడ ముఖంలోకి చూశాను.

"అలా చూడకండి, మతి పోలేదు నాకు" అంది. కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో దాన్ని నిమురుతూ చెప్పింది. "నొప్పి పోయాక రెండ్రోజులు బాగానే ఉందండి. ఆ తరవాత ఈ చెయ్యి నాది కాదనిపించింది. నా భుజానికే ఉంది, నేను చెప్పిన పని చేత్తది. కానీ నాది కాదు. ఎవరిదా, ఎవరిదా అని చూత్తన్నాను. నిన్న దువ్వెన అందుకుంది. జడెయ్యడం మొదలెట్టింది. ఆ లాగుడికి తెలిసిపోయిందండి. నన్ను కదలనిచ్చేది కాదు మా అక్క. కదిలితే దువ్వెనతో నెత్తి మీద ఒక్కటేసేది."

"ఇప్పుడూ వేసిందా?"

"ఆయ్" అంది వరహాలమ్మగారు. అప్పుడు ఏడ్చింది.


శుక్రవారం. మంచు, పైన గాలి.

సత్తిరాజు మంచువల స్తంభం మీద ఇరుక్కుపోయాడని కబురొస్తే పరిగెత్తాను. ఇరుక్కున్నది మనిషి కాదు, చెయ్యి. లోయ అంచున స్తంభం పైకెక్కి వల కట్టి, దిగబోతే కుడిచెయ్యి కొయ్యను వదల్లేదట. పొద్దుటి నుంచి అలాగే వేలాడుతున్నాడు. ఇద్దరు మనుషులు పైకెక్కి, నడుముకు తాడు కట్టి, ఒక్కొక్క వేలూ విడదీసి దించారు. నేలమీద పెట్టగానే ఆ చెయ్యి నా చీర కొంగు పట్టుకుంది.

"వదలమంటే వదలట్లేదండి" అన్నాడు సత్తిరాజు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. "నా చెయ్యి కాదండి ఇది."

"మరి ఎవరిది?"

చుట్టూ ఉన్నవాళ్ళు దూరం జరిగేదాకా ఆగాడు. "మా తవిటయ్య బావది."

డాక్టరుగారు వచ్చి పట్టీ పీకి, చేతికి చెక్క కట్టేలోగా సత్తిరాజు మొత్తం చెప్పాడు. ముంపు వచ్చినప్పుడు పడవ నిండా పిల్లలు. పక్కచెక్క పట్టుకుని నీళ్ళలో తవిటయ్య. పడవ అటు ఒరిగిపోతోంది. సత్తిరాజే వంగి, బావ వేళ్ళు ఒక్కొక్కటీ ఊడదీశాడు.

"ఏమీ అన్లేదండి మా బావ. నన్నే చూత్తన్నాడు. పిల్లలున్నారని ఆయనకీ తెలుసు. కానీ చెయ్యి వదల్లేదండి. మనిషి వదిలేశాడు గానీ చెయ్యి వదల్లేదు. చిటికినేలు ఆకర్న వచ్చింది." డాక్టరుగారి చేతిలోని కత్తెర వైపు చూశాడు. "నరికెయ్యండి బాబూ. నేను ఇంకోసారి ఊడదియ్యలేను."

నరకలేదు. మందు ప్రభావం తగ్గేదాకా ఆస్పత్రి మంచానికి ఆ చేతిని గుడ్డతో కట్టి ఉంచారు. గుడ్డను కూడా పట్టుకునే ఉందట.


శనివారం. మంచు.

డాక్టరుగారూ నేనూ ఆస్పత్రి వసారాలో కూర్చున్నాం. పట్టీలు వేసుకున్నవాళ్ళందరినీ ఆయన ఒక్కొక్కరినీ పిలిచి కనుక్కున్నారు. కొందరు ఏమీ లేదన్నారు. కొందరు ఏమీ లేదని చెబుతూనే కుడిచేతిని చీర చాటున దాచుకున్నారు. ఒకావిడ చెయ్యి చనిపోయిన మొగుడిది. దాంతో ఆవిడ ముఖం కూడా కడుక్కోవడం లేదు. కర్రతో నేలకు నొక్కి ఉంచుతోంది.

"మందు చేసే పని ఏమిటి?" అన్నారు డాక్టరుగారు, నాకు తెలిసినదే నా చేత చెప్పించడానికి.

"కాపలా కణాలకు మనది, పరాయిది అనే తేడా మరిపించడం."

"నీ మొన పొడుగైంది. నరం దాకా చేరింది. ఆ మరుపు నరానికీ పట్టింది. అంతే అయి ఉంటుంది. చెయ్యి తనది కాదని మెదడుకు కబురొస్తుంది. భుజానికి ఎవరిదో తెలియని చెయ్యి వేలాడుతుంటే మెదడు ఊరుకోదు, ఎవరో ఒకరికి అంటగడుతుంది. బాగా తెలిసినవాళ్ళకి. మరిచిపోలేనివాళ్ళకి."

ఆ మాటలో తర్కం ఉంది. ఆయన దాన్ని నమ్ముతున్నారనీ నాకనిపించింది. కొత్త పట్టీలు ఇవ్వకూడదనుకున్నాం. వేసుకున్నవాళ్ళు తీసేయాలని ఇంటింటికీ చెప్పించాం. మొన ఎంత పొట్టిగా ఉంటే నరాన్ని తాకకుండా మందు దిగుతుందో నేను చూడాలి. నీటి సంఘంవాళ్ళు కేకలేశారు. డాక్టరుగారు వాళ్ళను ఆస్పత్రిలోకి తీసుకెళ్ళి సత్తిరాజు చేతిని చూపించారు. ఆ తరవాత కేకల్లేవు.


సోమవారం. చలి.

పొట్టి మొనలు పోస్తున్నాను. పనిచేస్తున్నాయో లేదో చెప్పే చెయ్యి లేదు. కొత్తలంకలో ఇప్పుడు పట్టీ అంటే ఎవరూ మణికట్టు చాచడం లేదు.

మిగిలిన పొడుగు మొనల పట్టీల్లోంచి ఒకటి తీసి నా కుడి మణికట్టు మీద నొక్కాను. రెంటికీ తేడా తెలియాలంటే ముందు ఇది తెలియాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ అదొక్కటే అయితే డాక్టరుగారికి చెప్పే వేసుకునేదాన్ని.

నాకు మరిచిపోలేనివాళ్ళు ఎవరూ లేరు. ముంపులో ఒక బడి పైకప్పు మీద దొరికిన పసిపిల్లను నేను. బరకంలో చుట్టి ఉన్నానట. చుట్టూ అంతా నీళ్ళు, నా ఒంటి మీద మాత్రం చుక్క తడి లేదట. దగ్గర్లో మనిషి లేడు. శిబిరంలో నన్ను పెంచినవాళ్ళు ఇంతవరకే చెప్పగలిగారు. డాక్టరుగారి మాట నిజమైతే నా మెదడుకు ఎవరికి అంటగట్టాలో తెలియదు. నా చెయ్యి నాదిగానే ఉండిపోవాలి.


గురువారం. మంచు.

నొప్పి లేదు. చన్నీళ్ళలో చెయ్యి ముంచి పట్టీల పొరలు కడిగాను. ఊరికే అచ్చుల మూతలు తీస్తూ, పెడుతూ కూర్చున్నాను. నొప్పి లేకపోతే రోజు ఇంత పొడుగ్గా ఉంటుందా?

చెయ్యి నాదే.


ఆదివారం. మంచు. చినుకులు.

బల్ల మీద చెయ్యి ఆనించి మందును పులియబెట్టే ఈస్టు తొట్టె వేడెక్కడం కోసం చూస్తున్నాను. టప్, టప్ అని చప్పుడు. చూరు నీళ్ళనుకున్నాను. చూస్తే నా చెయ్యి. నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి, అరచెయ్యి కొంచెం గుంట చేసి, బల్లను మెల్లగా తడుతోంది. ఆగుతోంది. మళ్ళీ తడుతోంది.

చాలాసేపటికి అర్థమైంది. జోకొడుతోంది.

నాకు పిల్లల్లేరు. ఎవరినీ అలా నిద్రపుచ్చిన గుర్తు లేదు. ఆ చేతిని తీసి చెంపకు ఆనించుకున్నాను. నా అరచెయ్యి మందునూనెలతో ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. చెంపకు తగిలింది మాత్రం గరుకు. తాడు లాగే మనిషిదో, పార పట్టే మనిషిదో. ఆడమనిషిదో మగమనిషిదో తెలియలేదు. అమ్మదా, నాన్నదా, ఆ కప్పు మీదికి నాకంటే ముందు ఎక్కిన దారిన పోయే మనిషిదా, తెలియలేదు. చెంప మీద కూడా జోకొట్టింది.

ఈస్టు తొట్టె మాడిపోయింది. నేను లేవలేదు.


బుధవారం. మంచు.

డాక్టరుగారు వచ్చారు. నా ఎడంచెయ్యి వాచి ఉండి, కుడిచెయ్యి నున్నగా ఉండటం చూడగానే తెలిసిపోయింది ఆయనకు.

"ఎవరిది?" అన్నారు.

చెప్పాను. బడి కప్పు, బరకం, జోకొట్టడం. ఆయన టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"పసిపిల్లవి నువ్వప్పుడు. నీకు గుర్తుండే వీలు లేదు."

"అదే నేనూ అంటున్నాను."

"ఎవరో చెప్పగా విన్నదాన్ని బట్టి మెదడు అల్లుకుని ఉంటుంది."

"జోకొట్టారని నాకు ఎవరూ చెప్పలేదండీ."

నా కుడిచెయ్యి కుర్చీ చేతిని తడుతోంది. ఆ చప్పుడు వింటూ ఇద్దరం కూర్చున్నాం. వెళ్ళేటప్పుడు మాత్రం, "వరహాలమ్మ పట్టీ తీసిందా?" అని అడిగారు. తీశానని ఆవిడ నాతో అంది. అదే ఆయనకు చెప్పాను. నాకెందుకు అనుమానం రాలేదో ఇప్పుడు తెలుస్తోంది. రానివ్వలేదు.


శుక్రవారం. ఎడతెగని వాన.

వరహాలమ్మగారి పక్కింటివాళ్ళు వాసన వస్తోందని చెప్పి డాక్టరుగారిని పిలిపించారట. ఆయన వెళితే తలుపు తీయలేదు. నన్ను పంపారు.

వరహాలమ్మగారు నన్ను చూసి తలుపు తీసింది. జడ బిగుతుగానే ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. కుడిచేతికి గుడ్డ చుట్టుకుంది. విప్పితే చిటికినవేలూ దాని పక్క వేలూ నల్లబడి ఉన్నాయి. పొయ్యి మీది పెనం పట్టుకుందట.

"ఎప్పుడు?"

"తెలీదండి. వాసనొత్తే చూసుకున్నాను. అక్క కదా, కాలిందని చెప్పదు. చిన్నప్పుడూ చెప్పేది కాదు."

పట్టీ మందు కాపలాను నిద్రపుచ్చుతుంది. కాపలా లేని పుండు ఆగదు. అదే చెప్పాను, మెత్తగా చెప్పడం చేతకాక ఉన్నదున్నట్టు చెప్పాను. పట్టీ ఇవాళ తీయకపోతే చెయ్యి పోతుంది, తరవాత మనిషి పోతుంది.

"పోనివ్వండి" అంది. "ఒకసారి శిబిరంలో వదిలేసి వొచ్చాను దాన్ని. ఒళ్ళు కాలిపోతంది, నీళ్ళడిగింది, తెత్తానని వరసలో నిలబడ్డాను. తెచ్చేసరికి లేదు. మళ్ళీ వదిలెయ్యమంటారా?"

"మీరు వదిలెయ్యలేదండీ. నీళ్ళకు వెళ్ళారు."

"దానికి తెలుసా ఆ ముక్క?"

ఆవిడ పక్కన మంచం మీద కూర్చున్నాను. ఆవిడ గుడ్డ విప్పిన చేతిని దుప్పటి మీద పెట్టి చూస్తోంది. అప్పుడు నా కుడిచెయ్యి నేను చెప్పకుండానే లేచింది. వెళ్ళి ఆ కాలిన చేతి పైన ఆనింది. గుంట చేసుకుని, మెల్లగా, టప్, టప్ అని జోకొట్టడం మొదలుపెట్టింది.

వరహాలమ్మగారు నా మణికట్టు చూసింది. పట్టీ చూసింది.

"మీరూనా?" అంది.

"ఆఁ."

"ఎవరండి?"

"తెలియదండీ నాకు."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆవిడ జ్వరం నా పక్కటెముకలకు తగులుతోంది. కింద ఆ రెండు చేతులూ ఉన్నాయి. ఆవిడ చెయ్యి నెమ్మదిగా తిరిగి, పాడవని మూడు వేళ్ళతో నా చేతిని పట్టుకుంది. మేమిద్దరం వాటికి అడ్డొచ్చినవాళ్ళలా కూర్చున్నాం. బయట వాన.

"ఒక్క జడ" అంది కాసేపటికి. "ఒక్క జడ ఏసి వెళ్తది. అప్పుడు తియ్యండి."

దువ్వెన అందించాను. ఆవిడ వెనక్కి తిరిగి కూర్చుంది. నల్లబడిన వేళ్ళతో ఆ చెయ్యి వెంట్రుకలు పాయలు తీసింది. చాలాసేపు పట్టింది. కదిలితే నెత్తిన కొట్టింది. "కదల్లేదే అక్కా, కదల్లేదు" అంటూ ఏడ్చింది ఆవిడ. చివర ముడి పడగానే చెయ్యి ఒళ్ళోకి దిగి, అరచెయ్యి పైకి తిప్పి పడుకుంది.

"ఇప్పుడు" అంది.

మొనలు ఉబ్బి గట్టిగా పట్టుకున్నాయి. అంచు లేపి లాగాను. చిన్న చిన్న నెత్తుటి చుక్కలు వరసలుగా పైకి వచ్చాయి. ఆవిడ అరవలేదు. నేను లేచి వాకిట్లో వానలోకి వెళ్ళాను. నాది కూడా పీకాను. చెయ్యి అడ్డుకుంటుందేమోనని భయపడ్డాను. అడ్డుకోలేదు. పట్టీ ఊడిపోయాక కూడా తలుపు చెక్కను ఇంకా తడుతూనే ఉంది.


మంగళవారం. వాన తగ్గింది.

రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది. వరహాలమ్మగారు బతికింది. మందు ప్రభావం పోయిన రోజు పాత నొప్పీ కొత్త నొప్పీ కలిసి వచ్చి, ఆస్పత్రి అంతా వినపడేలా అరిచిందట. నేను అక్కడ లేను. పొడుగు మొనల అచ్చుల్ని కొలిమిలో కరిగిస్తున్నాను. డాక్టరుగారు పక్కన నిలబడ్డారు. ఒక్క అచ్చు దాచుకోవచ్చు కదా, ఎప్పుడైనా పరిశోధనకు, అని ఆయనే అన్నారు. అన్నాక తలవంచుకున్నారు. డాక్టరుగారి భార్య నిరుడు పోయింది.

అన్నీ కరిగించాను.

నా చేతి చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. ఆగినప్పుడు వినాలని కాచుక్కూర్చున్నాను. కూర్చునే నిద్రపోయాను.


సోమవారం. మంచు.

పొట్టి మొనల పట్టీ పనిచేస్తోంది. కొంచెమే. సగం నొప్పి పోతుంది, సగం ఉంటుంది. జాడీ మూత రాదు గాని ముడి వెయ్యవచ్చు. మొదట వేసుకున్నది సత్తిరాజు. వద్దన్నాను. "వలలు ఎవరు కడతారండి?" అన్నాడు. స్తంభం ఎక్కే ముందు చేతిని తెరిచి, మూసి, తెరిచి చూసుకుంటాడు. కింద మనిషి లేనిదే ఎక్కడు.

ఇక నుంచి పట్టీ మార్చే ప్రతివారం ఒక ప్రశ్న అడగాలని డాక్టరుగారు నియమం పెట్టారు. నొప్పి ఎలా ఉంది, దద్దురు ఉందా, జ్వరం వచ్చిందా అన్నవాటి తరవాత, చెయ్యి పట్టుకుని అడగాలి. ఇది ఎవరి చెయ్యి? నాది అని వెంటనే చెప్పాలి. ఆలోచిస్తే పట్టీ తీసేయాలి.

అందరూ వెంటనే చెప్పారు. కొందరు నేను అడగకముందే చెప్పారు.

చివర వరహాలమ్మగారు వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఈ పొట్టి మొనల పట్టీ ఇంకా వెయ్యలేదు ఆవిడకు, ఇవాళే మొదలు. అయినా నియమం నియమమే. మూడు వేళ్ళ ఆ చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళు మళ్ళీ వంకరపోయాయి.

"ఇది ఎవరి చెయ్యండీ?"

దాన్ని చూసింది. కొత్త ఊళ్ళో దిగి, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని చూసినట్టు చూసింది. ఆలోచిస్తే తీసేయాలని రాసుంది. నేను ఆగాను.

"నాదేలెండి" అంది.

పట్టీ నొక్కాను. ఆవిడ లేవలేదు. బల్ల మీద ఉన్న నా కుడిచేతిని, వాచిన కణుపుల్ని చూస్తోంది.

"మరి మీదో?"

"నాదేనండీ" అన్నాను, వెంటనే.

నమ్మినట్టు లేదు. తన మూడు వేళ్ళతో నా చెయ్యి పట్టుకుని, మంచు విడిచేదాకా అలాగే కూర్చుంది.